తప్పు జవాబులో ఏముందో చూద్దాం

(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలు)

అందరికీ నమస్కారం. ముందుగా బోర్డు మీద ఒక లెక్క రాస్తాను. చివరి వరసలో ఉన్నవాళ్ళకి కనిపించకపోతే చెప్పండి, ఇంకాస్త పెద్దగా రాస్తాను.

8 + 4 = □ + 5

ఆ ఖాళీ గడిలో ఏం రావాలి? 7. అందరూ ఒక్క గొంతుతో చెప్పారు, బాగుంది. ఇదే లెక్కని అమెరికాలో ప్రాథమిక తరగతుల పిల్లలకి ఇచ్చి చూశారు. థామస్ కార్పెంటర్ అనే గణిత విద్యా పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు 145 మంది ఈ లెక్క చేశారు. 145 మందీ 12 అనో 17 అనో రాశారు. 7 అని రాసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

ఈ పిల్లలకి కూడికలు రావని మాత్రం అనుకోకండి. 8, 4 కలిపితే 12 అవుతుందని వాళ్ళకి తెలుసు, అందుకే 12 రాశారు. ఇంకొందరు కంటికి కనిపించిన అంకెలన్నీ కలిపేసి 17 అన్నారు. వాళ్ళకి తెలియనిది ఒక్కటే, సమాన గుర్తుకి అటూ ఇటూ ఉన్నవాటి విలువ ఒకటే కావాలని. వాళ్ళ లెక్కలో ఆ గుర్తుకి అర్థం "ఇక జవాబు రాయి" అని. మరి ఆరో తరగతి దాకా ఇది బయటపడకుండా ఎలా ఉండిపోయింది? చిన్న తరగతుల వర్క్‌షీట్ ఏదైనా తీసి చూడండి. ఎడమవైపు లెక్క, కుడివైపు ఖాళీ. పేజీ నిండా అదే వరస. సమాన గుర్తుని తప్పుగా అర్థం చేసుకున్న పిల్లవాడికి కూడా ఆ పేజీలో పదికి పది వస్తాయి. వాడిలో ఉన్న తప్పు బయటికి రావడానికి మన ప్రశ్నలు చోటివ్వలేదు.

నేను ఇవాళ చెప్పాలనుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పరీక్షలో టీచరుకి ఎక్కువ పనికొచ్చేది పిల్లలు రాసిన తప్పు. అది బయటపడేలా ప్రశ్న రాయాలి, బయటపడ్డాక దాన్ని చదవాలి, చదివాక రేపటి పీరియడ్‌లో ఏదో ఒకటి మారాలి. ఏమీ మారనప్పుడు ఆ పరీక్ష పెట్టకపోయినా నష్టం లేదు. పేపర్లు దిద్దే శ్రమైనా మిగులుతుంది.

బోధనని మార్చుకోవడానికి చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం, చివరికి ఎంత వచ్చిందో తేల్చడానికి చేసే సంగ్రహణాత్మక మూల్యాంకనం అని రెండున్నాయని మీరు శిక్షణ తరగతుల్లో వినే ఉంటారు. ఆ విభజన 1967లో మైఖేల్ స్క్రివెన్ అనే తత్వవేత్త చేశాడు. ఆయన అప్పుడు మాట్లాడింది పాఠ్యక్రమాలు ఎలా ఉన్నాయో తేల్చడం గురించి. దాన్ని పిల్లల చదువుకి తెచ్చి అన్వయించింది విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్. మనలో చాలామంది దీన్ని క్యాలెండర్ లెక్కన అర్థం చేసుకున్నారు. నెలకోసారి పెడితే మొదటిది, ఏడాది చివర పెడితే రెండోదని. అలా కాదు. నెలనెలా స్లిప్ టెస్ట్ పెట్టి, మార్కులు రిజిస్టర్లో ఎక్కించి, పేపర్లు కట్టకట్టి అటక మీద పడేస్తే అది చిన్న సైజు వార్షిక పరీక్షే. అదే ఏడాది చివరి పేపర్ని కూర్చుని చదివి, వచ్చే ఏడాది ఫలానా పాఠం ఇంకోలా మొదలుపెట్టాలని మీరు నిర్ణయించుకుంటే ఆ పెద్ద పరీక్ష కూడా బోధనకి పనికొచ్చినట్టే. వార్షిక పరీక్షల మీద నాకు కోపమేమీ లేదు. వాటి పని వేరు, ఇవాళ్టి సంగతి అది కాదు.

ఇక ప్రశ్న రాయడం దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పాఠ్య ప్రణాళికల్లో మనం రాసే వాక్యాలు చూడండి. "విద్యార్థులు దశాంశ భిన్నాలను అర్థం చేసుకుంటారు." దీన్ని పట్టుకుని ప్రశ్న రాయలేం. నాకు నేను వేసుకునే ప్రశ్న వేరే ఉంది: అర్థమైన పిల్ల చేయగలిగి, అర్థం కాని పిల్ల చేయలేనిది ఏమిటి? ఇంకా చెప్పాలంటే, అర్థం కాని పిల్ల దీన్ని ఏమని రాస్తుంది? ఈ రెండోదానికి మీ దగ్గర జవాబు ఉంటే సగం ప్రశ్నపత్రం తయారైనట్టే.

దశాంశాలే తీసుకుందాం. 0.62, 0.3లో ఏది పెద్దది? పిల్లలు 0.62 అంటారు, టిక్కు పెడతాం. కానీ చాలామంది పిల్లలు చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలాగా చదువుతారు. 62 పెద్దది, 3 చిన్నది, అంతే. ఆ ఆలోచన తప్పు, జవాబు మాత్రం ఒప్పు. ఇప్పుడు 0.45, 0.8 ఇవ్వండి. అదే పిల్లలు 0.45 పెద్దదంటారు. ప్రశ్నలో రెండు సంఖ్యలు మార్చాం, పిల్లల మనసులో ఏముందో బయటికి వచ్చింది.

ఇంకో రకం పిల్లలున్నారు, వీళ్ళ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పదో వంతు కన్నా నూరో వంతు చిన్నదని మనం చెప్పాం కదా. దాన్ని పట్టుకుని, చుక్క తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే సంఖ్య అంత చిన్నదని తేల్చేసుకుంటారు. వీళ్ళకి 0.4, 0.73 ఇస్తే 0.4 పెద్దదంటారు. ఇప్పుడు ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టి ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. మొదటి రకం పిల్ల 0.45 దగ్గర తప్పుతుంది, 0.73 దగ్గర ఒప్పు రాస్తుంది. రెండో రకం పిల్ల సరిగ్గా దానికి తిరగేసి రాస్తుంది. ఇద్దరికీ రెండుకి ఒకటి. మార్కుల రిజిస్టర్లో ఇద్దరూ సమానమే. వాళ్ళకి చెప్పాల్సిన పాఠాలు మాత్రం పూర్తిగా వేరు. ఒకరికి స్థాన విలువ మొదట్నుంచీ చెప్పాలి. రెండోవాళ్ళకి నూరో వంతు చిన్నదన్న మాట నిజమే అని ఒప్పుకుని, అలాంటివి 73 ఉన్నాయి కదా అని చూపించాలి.

దీనికి మనం మామూలుగా వాడే మందు ఏమిటో మీకు తెలుసు. "0.8 పక్కన ఒక సున్నా పెట్టు, 0.80 అవుతుంది, ఇప్పుడు పోల్చు." జవాబు వెంటనే సరైపోతుంది. నాకు ఆ చిట్కా నచ్చదు. 80 పెద్దది, 45 చిన్నది అనే పాత ఆలోచనతోనే పిల్ల ఒప్పు రాసేస్తుంది, మనం మళ్ళీ టిక్కు పెడతాం. సంఖ్యారేఖ గీసి 0.8 ఎక్కడుందో, 0.45 ఎక్కడుందో పెట్టమనండి. తర్వాత రోజు "0.3కీ 0.4కీ మధ్య ఒక సంఖ్య రాయి" అని అడగండి. మధ్యలో ఏమీ లేదని రాసినవాళ్ళు ఎంతమందో చూస్తే మన సంఖ్యారేఖ పాఠం ఎంతవరకు ఎక్కిందో తెలుస్తుంది.

తీసివేతలు కూడా అంతే. 58 − 23 ఇస్తే అందరికీ వస్తుంది. 52 − 27 ఇవ్వండి, 35 అని రాసేవాళ్ళు దొరుకుతారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసేశారు. ఇది పరాకు కాదు, ప్రతి లెక్కలోనూ అదే పద్ధతిలో చేస్తారు. 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేతల్లో ఇలాంటి స్థిరమైన తప్పు పద్ధతుల్ని కంప్యూటర్ సాయంతో గుర్తించారు. పిల్లలు చాలాసార్లు ఒక పద్ధతిని నమ్మకంగా పాటిస్తారని, ఆ పద్ధతే తప్పని వాళ్ళు చూపించారు. అలాంటి పిల్లవాడికి "జాగ్రత్తగా చెయ్యి" అని చెప్తే ఏమవుతుంది? ఆ తప్పే ఇంకా జాగ్రత్తగా చేస్తాడు.

బిట్టు ప్రశ్నలకి ఆప్షన్లు ఎక్కణ్ణుంచి తేవాలని చాలామంది అడుగుతారు. సొంతంగా కల్పించకండి. మొదటిసారి ఆ ప్రశ్నని ఆప్షన్లు లేకుండా ఇవ్వండి. పిల్లలే తప్పులు రాసిస్తారు, వాటిలో తరచుగా వచ్చినవి తీసుకుంటే అవే వచ్చేసారికి ఆప్షన్లు. 52 − 27 కి 25, 35, 79 పెట్టారనుకోండి. 35 ఎంచుకుంటే ఏ తప్పు చేశాడో తెలుసు, 79 ఎంచుకుంటే గుర్తు చూడకుండా కలిపేశాడని తెలుసు. 41 అని ఒకటి తెచ్చి పెట్టారంటే అది ఎవరూ ఎంచుకోరు, ఎంచుకున్నా మీకు ఏమీ చెప్పదు. నాలుగో ఆప్షన్ కోసం తల బద్దలు కొట్టుకోవద్దు. చాలా సందర్భాల్లో మూడు సరిపోతాయని పరీక్షల మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా అంటారు. "పైవన్నీ" అనే ఆప్షన్‌ని దయచేసి మానేయండి. అది ఎంచుకున్న పిల్ల ఏమనుకుందో బ్రహ్మకి కూడా తెలియదు.

భాషా పాఠాలు చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీరు లెక్కల గోలేమిటని విసుక్కోకముందే ఒక పేరా చదువుతాను. "గిరిపం చమకలో దుండిలింది. దాని తులుపులు రెండూ మిరిసాయి." ఇప్పుడు ప్రశ్నలు. గిరిపం ఎక్కడ దుండిలింది? దాని తులుపులు ఎన్ని? చివరికి అవి ఏమయ్యాయి? (నవ్వులు) చూశారా, మూడుకి మూడు. ఈ పేరాలో ఒక్క మాటకీ అర్థం లేదు, ఇప్పుడే నేను అల్లాను. అయినా మీకు పూర్తి మార్కులు వచ్చాయి. తెలుగు వాక్యం ఎలా ఉంటుందో తెలిస్తే చాలు, విభక్తి చూసి జవాబు లాగేయచ్చు. మన పఠన అవగాహన ప్రశ్నల్లో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. దీనికి బదులు, ఒక పేరా ఇచ్చి "ఇందులో మూడో వాక్యం తీసేస్తే మనకి ఏ సంగతి తెలియకుండా పోతుంది?" అని అడగండి. లేదా కథలో ఎక్కడా నేరుగా చెప్పని కారణం ఒకటి అడిగి, అలా అనుకోవడానికి ఆధారమైన వాక్యం కింద గీత గీయమనండి. గీత ఎక్కడ పడిందో చూస్తే చాలు, మీకు పేజీలకి పేజీలు దిద్దే పని ఉండదు.

సైన్స్ నుంచి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. చేతిని వదిలి పైకి వెళ్తుండగా దాని మీద ఏ బలాలు ఉన్నాయి? గాలి నిరోధం పక్కన పెట్టండి. గురుత్వాకర్షణ ఒక్కటే. న్యూటన్ సూత్రాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లల్లో కూడా చాలామంది అలా చెప్పరు. చెయ్యి ఇచ్చిన బలం ఇంకా దాంట్లో ఉందని, పైకి వెళ్ళేకొద్దీ తరిగిపోతుందని అంటారు. 1992లో డేవిడ్ హెస్టెనెస్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం ఇలాంటి ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేసింది. అందులో తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా నమ్మేవే. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ తన తరగతిలో ఇలాంటి ప్రశ్నలే ఇస్తే విద్యార్థి ఒకరు అడిగారట: వీటికి మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని. నాకు తెలిసి ఏ టీచరుకైనా ఇంతకన్నా నిజాయితీ గల ఫీడ్‌బ్యాక్ దొరకదు. మజూర్ ఆ తర్వాత పాఠం చెప్పే తీరే మార్చుకున్నాడు. మధ్యలో ప్రశ్న వేస్తాడు, ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకుంటారు, పక్కవాళ్ళతో వాదించుకుంటారు, మళ్ళీ ఎంచుకుంటారు. 1998లో రిచర్డ్ హేక్ అనే ఆయన 62 ఫిజిక్స్ కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలు పోల్చాడు. కోర్సు మొదట్లో రాని మార్కుల్లో చివరికి ఎంత భాగం సంపాదించారన్నది ఆయన కొలత. మామూలు ఉపన్యాసాల తరగతుల్లో అది సగటున 23 శాతం, పిల్లల్ని ఇలా ఆలోచింపజేసిన తరగతుల్లో 48 శాతం.

ఇది మనల్ని ఇంకో విషయంలోకి తీసుకెళ్తుంది. పరీక్ష అంటే పీరియడ్ అంతా తినేదే కానక్కర్లేదు. పాఠం మధ్యలో, ముందుకు వెళ్ళచ్చా లేక ఆగాలా అని తేల్చుకోవాల్సిన చోట ఒక్క ప్రశ్న చాలు. పిల్లలు ఒకటి రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలగాలి. మీరు అర నిమిషంలో తరగతి మొత్తాన్ని చదవగలగాలి. ఇందుకోసం అందరూ ఒకేసారి జవాబు చూపించాలి. పలక మీద రాసి పైకెత్తచ్చు, ఆప్షన్ నంబరుకి అన్ని వేళ్ళు చూపించచ్చు. పక్కవాడి వేళ్ళు చూసి మార్చుకోకుండా వేళ్ళు గుండెకి ఆనించి చూపించమంటే సరిపోతుంది. "అర్థమైందా?" అని అడిగితే వచ్చేది కోరస్. "అయ్యిందండీ" అంటారు. ఆ పదం పలకడానికి పాఠం అర్థం కానక్కర్లేదు. చెయ్యెత్తమంటే ఎప్పుడూ ఎత్తే ఆ నలుగురే ఎత్తుతారు, ఆ నలుగురి జవాబు విని మనం తరగతి మొత్తానికి వచ్చేసిందనుకుంటాం.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నామో కూడా చూసుకోవాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో టేపులు రికార్డు చేసి విన్నది. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి, అంతకుముందు మాట్లాడని పిల్లలు మాట్లాడారు. తరగతిలో మూడు సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దగా అనిపిస్తుంది. ఎవరైనా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి వెనక కూర్చుంటే ఇంకా పెద్దగా అనిపిస్తుంది. అయినా ఆగండి.

అసలు పని ప్రశ్న వేయకముందే అవ్వాలి. జవాబులు వచ్చాక ఏం చేస్తానన్నది ముందే రాసుకోవాలి. దాదాపు అందరూ తప్పితే ఆ ముక్క మళ్ళీ, ఈసారి ఇంకో ఉదాహరణతో. మూడింట ఒక వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా సరిగ్గా చెప్తే మీరు నోరు తెరవకండి, వేరే జవాబు చెప్పిన పక్కవాళ్ళతో మాట్లాడుకోనివ్వండి. నలుగురైదుగురే తప్పితే ముందుకు వెళ్ళండి, మిగతావాళ్ళు అభ్యాసం చేస్తుండగా ఆ నలుగురి దగ్గర కూర్చోండి. ఇది ముందే రాసుకోకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. సగం మంది తప్పారని చూస్తాం, గడియారం చూస్తాం, "సరే, ఇంటికెళ్ళి మళ్ళీ చదవండి" అంటాం.

మార్కుల గురించి మాట్లాడకుండా ఈ వేదిక దిగితే మీరు ఊరుకోరు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పని చూసి వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు. రెండో గుంపుకి మార్కు మాత్రమే. మూడో గుంపుకి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళు మెరుగుపడ్డారు, వాళ్ళ ఆసక్తి కూడా నిలిచింది. మూడో గుంపుకి రెండింటి లాభమూ రావాలి కదా? రాలేదు. మార్కు పక్కన పడేసరికి వ్యాఖ్య పనిచేయలేదు. పిల్లలు ముందు తమ మార్కు చూస్తారు, తర్వాత పక్కవాడి మార్కు చూస్తారు, వ్యాఖ్య ఎవరూ చదవరు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఎర్ర ఇంకుతో మనం రాసినవన్నీ వృథా.

అలాగని వ్యాఖ్య రాస్తే చాలు, మేలు జరిగిపోతుందనీ అనలేను. 1996లో క్లూగర్, డెనిసీ అనే ఇద్దరు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూశారు. సగటున మేలే జరిగింది. కానీ మూడింట ఒక వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పనితీరు తగ్గింది. ధ్యాస చేసే పని మీద నుంచి చేసే మనిషి మీదకి మళ్ళేకొద్దీ ఫలితం పలచబడుతుందని వాళ్ళ వివరణ. "నువ్వు తెలివైనదానివి", "నువ్వు ఇంతే" అనేవి రెండూ ఒక జాతివే. "ఇంకా బాగా చదవాలి" అనేది వ్యాఖ్య కాదు, ఆశీర్వచనం. "ఈ ఐదింటిలో రెండు తప్పున్నాయి, ఏవో కనిపెట్టి సరిదిద్దు" అని రాసి చూడండి. "నీ రెండో పేరా దేని గురించో మొదటి వాక్యంలో చెప్పు" అని రాయండి. పిల్ల ఆ నోట్సు తెరిస్తే చేయాల్సిన పని ఒకటి కనబడాలి. ఆ పని చేయడానికి తరగతిలోనే పది పదిహేను నిమిషాలు ఇవ్వాలి. ఆ టైం ఇవ్వలేనప్పుడు వ్యాఖ్య రాయడం మానేయమనే నేను చెప్తాను.

మార్కు కచ్చితమైన కొలత అనుకునేవాళ్ళ కోసం ఒక పాత సంగతి. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఇంగ్లిష్ జవాబు పత్రాలు రెండు తీసుకుని, వాటి నకళ్ళు 142 మంది టీచర్లతో దిద్దించారు. నూటికి వేసిన మార్కులు ఒక పేపరుకి 64 నుంచి 98 దాకా, రెండోదానికి 50 నుంచి 97 దాకా వచ్చాయి. దీన్ని పూర్తిగా పోగొట్టలేం, కొంత తగ్గించచ్చు. ఏది ఉంటే ఎన్ని మార్కులో దిద్దకముందే రాసిపెట్టుకోండి. పిల్లల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా దిద్దండి, అంటే అందరి మొదటి జవాబూ అయ్యాకే రెండోది. పేరున్న పేజీ వెనక్కి మడవండి.

ప్రశ్నల వారీగా దిద్దితే ఇంకో లాభం కూడా ఉంది. ఒక కాగితం మీద పిల్లల పేర్లు నిలువునా, ప్రశ్నలు అడ్డంగా వేసి ఒప్పూ తప్పూ గుర్తుపెట్టుకోండి. మనం ఎప్పుడూ అడ్డంగా కూడి ఈ పిల్లకి ఇన్ని అంటాం. ఒకసారి నిలువుగా చూడండి. నాలుగో ప్రశ్న కింద అన్నీ తప్పులే ఉన్నాయనుకోండి. ప్రశ్న భాష అర్థం కాలేదేమో. లేదా పాఠం ఆ చోట సరిగా ఎక్కలేదేమో. లేదా కింది తరగతిలో రావాల్సింది ఏదో రాలేదేమో. ఏదో తేల్చడానికి ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగితే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. మిగతా పేపరంతా బాగా రాసినవాళ్ళు ఒక ప్రశ్నలో తప్పి, మామూలుగా తప్పేవాళ్ళు అక్కడ ఒప్పు రాశారంటే ముందు మీ జవాబుల కీ చూసుకోండి. తొంభై పాళ్ళు తప్పు కీలోనో ప్రశ్నలోనో ఉంటుంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, ప్రశ్నలకి టైం ఉంచాలి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకి ఒక పాఠ్యభాగం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు చదవకుండా, గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళే మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళు ముందున్నారు. అంటే పరీక్ష చదువుని కొలవడమే కాదు, నిలబెడుతుంది కూడా. పీరియడ్ మొదట్లో నిన్నటి నుంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి అడగండి. ఎవరి జవాబు వాళ్ళే దిద్దుకుంటారు, రిజిస్టర్లో ఏదీ ఎక్కదు. రిజిస్టర్లో ఎక్కుతుందంటే టెన్షన్, టెన్షన్ అంటే పక్కవాడి కాగితం. కాపీ కొట్టిన జవాబు మీకు పక్కవాడి ఆలోచన చెప్తుంది, వీడిది చెప్పదు.

ఇక అడగండి.

సభలోంచి: మేడమ్, మార్కులు వేయకపోతే పిల్లలు అసలు రాయరు. ఇంట్లోవాళ్ళు కూడా ఎన్ని వచ్చాయనే అడుగుతారు.

మార్కులు పూర్తిగా మానేయమనట్లేదు మాస్టారూ. పెద్ద పరీక్షలకి వేయండి, ఇంటికి పంపండి. తరగతిలో జరిగే చిన్నవాటికి వద్దంటున్నాను. కొన్నిసార్లు వేయక తప్పదనుకుంటే ముందు వ్యాఖ్యతో పేపరు ఇచ్చేయండి, పిల్లలు సరిదిద్దుకున్నాక రెండు రోజులు ఆగి మార్కు చెప్పండి. సరిదిద్దుకున్నదానికి మార్కు పెంచుతానంటే ఇంకా బాగా చేస్తారు. ఇంట్లోవాళ్ళకి మార్కు బదులు ఏం చూపించాలంటే, పిల్ల మొదట రాసిందీ సరిదిద్ది రాసిందీ పక్కపక్కన పెట్టి చూపించండి. చాలామంది తల్లిదండ్రులకి అది మార్కు కన్నా బాగా అర్థమవుతుంది.

సభలోంచి: అరవై మంది ఉన్న తరగతిలో ఇవన్నీ ఎవరు దిద్దుతారండీ?

దిద్దకండి. పీరియడ్ చివర ఒక్క ప్రశ్న ఇచ్చి, అర కాగితం మీద జవాబు రాయించి, గుమ్మం దగ్గర తీసుకోండి. స్టాఫ్ రూములో కూర్చుని మూడు దొంతర్లుగా వేయండి. వచ్చినవాళ్ళు, ఒక రకంగా తప్పినవాళ్ళు, ఇంకో రకంగా తప్పినవాళ్ళు. ఎర్ర పెన్ను అక్కర్లేదు, మార్కులు అక్కర్లేదు. అరవై కాగితాలు పది పదిహేను నిమిషాల్లో అయిపోతాయి. మర్నాడు ఆ రెండో దొంతరలోంచి ఒక జవాబు పేరు లేకుండా బోర్డు మీద రాసి, "ఇందులో ఎక్కడ దారి తప్పింది?" అని అడుగుతూ పాఠం మొదలుపెట్టండి. ఎవరిదో చెప్పొద్దు. పిల్ల నవ్వులపాలైతే ఆ తర్వాత మీకు నిజమైన జవాబు రాయదు.

సభలోంచి: మా దగ్గర రెండు సెక్షన్ల మార్కులు పోల్చి ఏ టీచరు బాగా చెప్తున్నారో తేలుస్తారు. అలాంటప్పుడు తప్పులు బయటపడే ప్రశ్నలు ఎవరిస్తారు?

ఎవరూ ఇవ్వరు. మీరు అన్నది నిజం. ఒక అంకెని పట్టుకుని మనుషుల మీద నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెడితే ఆ అంకే చెడిపోతుందని డోనాల్డ్ కాంప్‌బెల్ అనే మనస్తత్వవేత్త 1970లలోనే హెచ్చరించాడు. ప్రధానోపాధ్యాయులు ఎవరైనా ఈ సభలో ఉంటే వాళ్ళకి నా మనవి ఇదే, తరగతిలో జరిగే చిన్న పరీక్షల మార్కులు అడగకండి. అడగాలనుకుంటే, "ఈ పరీక్ష చూశాక మీరు పాఠంలో ఏం మార్చారు?" అని అడగండి. రెండు సెక్షన్ల టీచర్లు కలిసి ఒకే ప్రశ్న ఇచ్చి, దొంతర్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ పోలిక వల్ల లాభముంటుంది. ఒకరి తరగతిలో 0.45 తప్పు తక్కువగా ఉందంటే వాళ్ళు ఏం చెప్పారో రెండోవాళ్ళు వెళ్ళి అడగచ్చు.

సభలోంచి: తప్పినవాళ్ళకి మళ్ళీ చెప్తుంటే, వచ్చేసిన పిల్లలు ఖాళీగా కూర్చుని అల్లరి చేస్తారు. వాళ్ళనేం చేయమంటారు?

వాళ్ళకి అదే రకం లెక్కలు ఇంకో పది ఇవ్వకండి, అది శిక్షలా అనిపిస్తుంది. ఒక ప్రశ్న రాయమనండి, మూడు ఆప్షన్లతో. ఒకటి ఒప్పు, రెండు తప్పులు. ప్రతి తప్పు కిందా, ఎవరైనా దీన్ని ఎందుకు ఎంచుకోవచ్చో ఒక వాక్యం రాయాలి. ఒప్పు జవాబు రాసిన పిల్లల్లో కొందరు ఇక్కడ ఆగిపోతారు, వాళ్ళకి పద్ధతి వచ్చింది గానీ విషయం పట్టుబడలేదని అప్పుడు తెలుస్తుంది. బాగా రాసినవి ఏరి దాచుకోండి. తరగతి, పాఠం, తేదీ మాత్రం కాగితం వెనక రాసుకోండి, లేకపోతే వచ్చే ఏడాది వెతుక్కోలేరు.